గుట్ట మీది నల్లగుండ్ల వరుస

మహబూబ్‌నగర్

బిడ్డా,

ఖండాలు కూడినయి, విడిపోయినయి అంటరు గదా, ఎవరు చూసిండ్రని అడిగినవు. ఫోన్‌ల ఒడిసే ముచ్చట కాదు, అందుకే రాస్తున్న.

మీ పుస్తకం పాంజియాతోనే, అంటే ఖండాలన్నీ ఒక్కటైన మహాఖండంతోనే మొదలువెడ్తది. అది నాకు నచ్చదు. పాంజియా జమైంది సుమారు 33 కోట్ల ఏళ్ల కింద. మన చుట్టూ ఉన్న గ్రానైట్, చారల నైసు బండలు చాలావరకు 250 కోట్ల ఏళ్ల నాటివి. అంటే పాంజియా నాటికే వీటికి 200 కోట్ల ఏళ్లు దాటినయి. అంతకుముందే కొలంబియా, రొడీనియా అనే మహాఖండాలు కూడి, చీలి పోయినయి.

ఆ పాత సంగతులకు సాక్ష్యం మన దగ్గరే ఉన్నది. గులాబీరంగు గ్రానైట్ నడుమ నల్లగుండ్లు చీమలబారు లెక్క పోతుంటయి, చూసే ఉంటవు. అది డోలరైట్ డైకు. భూమి పైపెంకు సాగి పగులువడ్డప్పుడు, కిందినుంచి మాగ్మా ఎక్కి అందులో గడ్డకట్టింది. అంచు దగ్గర ముక్క కొట్టి లెన్సుతో చూడు, గింజ కంటికి ఆనదు. చల్లటి గ్రానైట్ తగిలి తొందరగా గట్టిపడ్డది. డైకు నడుమకు పోతే నిదానంగా చల్లారింది కాబట్టి, పైరాక్సీన్ అనే నల్లటి ఖనిజంల ప్లేజియోక్లేజ్ అనే తెల్లటి ఖనిజం పుల్లలు కనవడ్తయి. డైకు అంచుల సన్నగింజ ఉన్నదంటే, గ్రానైట్ అప్పటికే చల్లారి ఉన్నట్టు.

ధార్వార్ బండల్లో, అంటే మన కిందున్న దక్షిణాది పాత బండల్లో, ఇట్లాంటి డైకుల గుంపులు చాలా ఉన్నయి. ఒకటి 237 కోట్ల ఏళ్లది, మహబూబ్‌నగర్ దిక్కు ఒకటి సుమారు 218 కోట్ల ఏళ్లది. సాగిన ప్రతిసారీ ఖండం తెగి సముద్రం పుట్టదు. మధ్యలనే ఆగిపోయిన చీలికలూ ఉంటయి. గోదావరి లోయ అట్లాంటిదే. దక్షిణ ఖండాలు గోండ్వానా అనే మహాఖండంగ కూడి ఉన్న కాలంల సాగి దిగవడ్డది, తెగలే. ఆ దిగవడ్డ లోయలనే అడవులు పూడి సింగరేణి బొగ్గయింది. నన్నడిగితే, తెగిన చీలికల కంటే తెగనివే ఎక్కువ చెప్తయి.

బండ వయసు లెక్కకు జిర్కాన్ అనే ఖనిజం గింజ కావాలె. అది తయారైనప్పుడు యురేనియంను చేర్చుకుంటది, సీసాన్ని దాదాపు రానియ్యది. అందుకే లోపల దొరికే సీసమంతా యురేనియం క్షయమై అయిందే. యురేనియం 238 సగమయ్యేందుకు 447 కోట్ల ఏళ్లు, 235కు 70 కోట్ల ఏళ్లు. రెండు లెక్కలూ ఒకటే వయసు చెప్పాలె. తేడా వస్తే సీసం కారిపోయిందని అనుమానించాలె. డోలరైట్‌ల జిర్కాన్ అరుదు, అందుకని అట్లనే పనికొచ్చే బాడెలియైట్ అనే ఇంకో ఖనిజం వెతుకుతరు.

ఇగ ఖండం ఏ అక్షాంశంల ఉండెనో బండల ఉండే మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం చెప్తది. 580 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లారినప్పుడు అది అప్పటి భూమి అయస్కాంత క్షేత్రం వాలును, అంటే నేలకు ఎంత ఒరిగి ఉన్నదో ఆ కోణాన్ని పట్టుకుంటది. వాలు టాంజెంటు, అక్షాంశం టాంజెంటుకు రెండింతలు. దక్కన్ లావాల వాలు సుమారు 49 డిగ్రీలు తీసుకుంటే అక్షాంశం 30 వస్తది, అదీ దక్షిణాన. అదే లావా ఇయ్యాల వికారాబాద్ దిక్కు 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. 6.6 కోట్ల ఏళ్లల్ల అంత దూరం.

నమూనా తీసేకాడనే చాలామంది చెడగొడ్తరు. పొర్లిన గుండు పనికిరాదు, నేలల పాతుకున్న బండే కావాలె. రెండున్నర సెంటీమీటర్ల మందం కోర్, అంటే గుండ్రటి రాతి కడ్డీ, తొలిచి తీస్తరు, దాన్ని విరిచే ముందే పైన దిక్కు గీత, వాలు రాసుకోవాలె. నల్లరాయి దిక్సూచి ముల్లునే తిప్పేస్తది, అందుకే పొద్దు నీడతో దిక్కు సరిచూడాలె. గుట్ట నెత్తిమీద తియ్యకు. పిడుగువడ్డ బండల పాత అయస్కాంతం చెరిగిపోతది.

మిగిలింది మీ పుస్తకంల సక్కగనే ఉన్నది. గోండ్వానా చీలుడు 18 కోట్ల ఏళ్ల కింద మొదలైంది, మడగాస్కర్ సుమారు 9 కోట్ల ఏళ్ల కింద మనల్ని విడిచింది, 5 కోట్ల ఏళ్ల కింద ఆసియాకు తగిలినం. నడుమ మన పలక ఏడాదికి 15 సెంటీమీటర్లు కూడా ఉరికింది. ఇప్పుడు అందుల మూడో వంతే.

సెలవులకు వచ్చినప్పుడు పది రెట్ల లెన్సు తెచ్చుకో. క్వారీకి పోతే బ్లాస్టింగ్ టైం అడిగినంకనే లోపల అడుగుపెట్టు.

ఇట్లు,
అమ్మ