మా పకోడీ గోకుడు పురాణం

ఒరేయ్ మూర్తీ,

రెండు నెలలు లేటు, తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు పర్లేదు, ఆఫీసులో అదే మేనేజరు, మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర అదే ట్రాఫిక్. ఇక అసలు సంగతి. మన హాస్టల్లో నల్లుల యుద్ధం గుర్తుందా? అదే యుద్ధం ఇప్పుడు మా ఇంట్లో, పకోడీ ఒంటిమీద.

పకోడీ అంటే మా ఫెర్రెట్ రా, ముంగిసలాంటి పెంపుడు జంతువు, ఫోన్లో చూసి "ముంగిసకి ఫెయిర్‌నెస్ క్రీమ్ రాశారా" అన్నావే, అదే. రోజుకి 14 గంటలు నిద్రపోయే జీవి ఉన్నట్టుండి దిగ్గున లేచి మెడ వెనక పరపరా గోక్కోవడం మొదలెట్టింది. చర్మం పొడిబారిందేమోనని నేను వారంలో మూడుసార్లు షాంపూ పెట్టి రుద్దా. తెలివి చూడు! ఎక్కువ స్నానాలు చేయిస్తే దాని చర్మం ఇంకా ఎండిపోతుందట, పోయిన జిడ్డు మళ్ళీ ఊరి కంపు కూడా పెరుగుతుందట. పెరిగింది. సుధ నాలుగు రోజులు ముక్కుకి చున్నీ కట్టుకుని తిరిగింది.

ఆ తర్వాత షాపుకెళ్తే, "కుక్కలకి వేసే చుక్కల మందు సార్, మెడమీద వేస్తే చాలు" అని ఒకటి చేతిలో పెట్టాడు. వేసేసేవాడినే, సుధ లాక్కుని జంతువుల డాక్టరమ్మకి చూపించింది. ఆవిడ ప్యాకెట్ వెనక చదివి పెర్మెత్రిన్ అనే పురుగుమందు పేరున్నచోట గోరు పెట్టి, "ఇది వేసుంటే వణుకు, ఫిట్స్ వచ్చేవి" అంది. నా అరచేతులు చల్లబడిపోయాయి రా. నీ కిరోసిన్ సిద్ధాంతం గుర్తొచ్చింది, ఆ రాత్రి వార్డెన్... సరే వదిలెయ్.

ఆవిడ సన్నపళ్ళ దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నలుసుల్ని తడి టిష్యూ మీద దులిపింది. అచ్చం మిరియాల పొడి. చూస్తుండగానే ఒక్కో నలుసు చుట్టూ తుప్పురంగు మరక పాకింది. "మట్టయితే ఇలా కాదు. ఇది ఫ్లీల రెట్ట, అంటే మీ పకోడీ నెత్తురే." పేలూ కాదు, పిడుదులూ కాదు, పట్టుకుందామంటే ఎగిరి దూకే పురుగులు. పిల్లుల మీద ఉండేవేనట. మెట్లకింద పిల్లికి రోజూ పాలు పోసి, నిమిరి ఇంట్లోకొచ్చేది ఎవరు? నేనే! నెల్లాళ్ళు పైఫ్లోరు కుక్కని తిట్టుకున్నా పాపం.

చెవుల్లో గుబిలి చూసింది, మైట్స్ అనే సన్న పురుగులు లేవు. తోక దగ్గర రెండువైపులా ఒకేలా జుట్టు ఊడితే కిడ్నీల దగ్గరుండే అడ్రినల్ గ్రంథి జబ్బని అనుమానించాలట, దానికీ దురద ఉంటుందట. అదీ లేదు, బతికాం. తూకం వేస్తే 840 గ్రాములు, దానికి తగ్గట్టు ఫ్లీలని చంపే ఇమిడాక్లోప్రిడ్ చుక్కలు వేసింది.

అయిపోయిందనుకున్నావా? గుడ్లు ఒంటిమీద నిలవవు, రాలి పడకలో, సోఫా సందుల్లో ఉంటాయి. దాని ఊయలంతా వేడినీళ్ళలో ఉతికి, సోఫా జరిపి వాక్యూమ్ పెట్టా. కింద దాని దొంగసొత్తు: మూడు సాక్సులు, రిమోట్ మూత, ఇంకా... నీ బండి తాళం. అవునురా, అదే తాళం. దొంగతనం నీ బావమరిది మీద తోసింది నేనే కదా. ఆయనకి చెప్పకు.

పన్నెండో రోజు మళ్ళీ రెండు ఫ్లీలు కనిపించాయి. సుధ "మందు దండగ" అంది, నాకూ టెన్షన్. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, గూళ్ళలో ఉన్న ప్యూపాల్ని, అంటే ఇంకా పురుగులుగా మారని వాటిని, ఏ మందుతోనూ సరిగ్గా చంపడం కుదరదు, వారాల తరబడి దాక్కుని అడుగుల కదలికకి బయటికొస్తాయి, వాక్యూమ్ ఆపొద్దు, నెలకి మళ్ళీ చుక్కలు వేయిద్దాం అంది. నిన్న దువ్వితే టిష్యూ తెల్లగానే ఉంది. కానీ ఇది రాస్తుంటే నాకే వీపంతా ఒకటే దురద, నిజమో భ్రమో...

క్యాబ్ వాడు హారన్ కొడుతున్నాడు. తాళం కొరియర్ చేస్తా, పంటిగాట్లు ఉంటాయి, ఏమనుకోకు.

నీ
రాజు