మా ఇంటికి రాష్ట్రాలను తెచ్చిపెట్టిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. "సెలవుల్లో ఇంట్లోనే అమెరికా రాష్ట్రాలు తిరుగుదామనుకుంటున్నాం, వంటలూ ప్రశ్నలూ చెప్పండి" అని అడిగితే మీరు ఇంత చేస్తారనుకోలేదు. గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు మా దగ్గరికి నార్త్ కరోలినాలోని షార్లెట్ వచ్చారు. దూర ప్రయాణాలు వాళ్ళ వల్ల కాదు. అందుకే వారానికో రాష్ట్రం, జవాబు చెప్పాకే కంచం అని పెట్టుకున్నాం.

ముందుగా మా పక్కింటి లూసియానా ఆవిడకి. తెలుగు చదవలేరు గానీ, ఇది ఆవిడకి చదివి వినిపిస్తాను. అత్తయ్యగారు మాంసం, రొయ్యలు ముట్టరని ముందే కనుక్కుని బెండకాయ గంబో (చిక్కటి పులుసు లాంటిది) నేర్పారు. పిండిని నూనెలో వేయించే 'రూ' దగ్గరే ముప్పావు గంట పట్టింది. సన్నటి సెగ, గరిటె ఆగకూడదు. పిండి ఎర్రబడుతుంటే అత్తయ్యగారు "మాడిపోతోందమ్మాయ్, దించెయ్" అని నా మోచెయ్యి పట్టుకున్నారు. పక్కింటావిడకి మాట తెలియకపోయినా సంగతి తెలిసి, ఇంకా ఉండాలన్నట్టు చెయ్యి ఊపారు. చాక్లెట్ రంగుకి తిరిగాక గానీ ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం ముక్కలు పడనివ్వలేదు. ఆ వాసనకి పిల్లలు పిలవకుండానే మేడ దిగొచ్చారు. తినేది అన్నంలోనే కాబట్టి అత్తయ్యగారికి ఇబ్బందే లేకపోయింది. లూసియానాలో కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఉండవని, వాటి బదులు 64 ప్యారిష్‌లు ఉంటాయని పిల్లల్ని ఓడించిన ప్రశ్న కూడా ఆవిడదే.

ఆల్బుకర్కీ నుంచి మిరపకాయలు పోస్టులో పంపిన అక్కా, మీకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. "ఎరుపా, పచ్చా?" అన్నది న్యూ మెక్సికో అధికారిక ప్రశ్న అని, రెండు మిరప సాస్‌లూ కావాలంటే "క్రిస్మస్" అనాలని మీరు చెప్తేనే తెలిసింది. మామయ్యగారు ఒక ఎండుమిరపకాయ తుంచి, కొరికి, "రంగుంది, ఘాటు లేదు" అని తేల్చేశారు. గుంటూరాయన, ఏమీ అనుకోకండి. ఎంచిలాడాలు (కూరిన రొట్టె చుట్టల మీద మిరప సాస్ పోసేవి) రెండోసారి అడిగి మరీ వేయించుకున్నది కూడా ఆయనే.

ఉడకబెట్టిన వేరుశనక్కాయల బండి ఎక్కడుందో చెప్పిన తమ్ముడికి థాంక్స్. సరిహద్దు దాటగానే దొరికాయి. 2006 నుంచి అవి సౌత్ కరోలినా అధికారిక చిరుతిండి అంటే అత్తయ్యగారు నమ్మలేదు, "వీటికి చట్టం కూడానా!" అన్నారు. రోడ్ ఐలండ్ కాఫీ మిల్క్ సూచించిన వాళ్ళు మన్నించాలి. 1993లో రాష్ట్ర పానీయం అయితే అయింది గానీ, ఫిల్టర్ కాఫీ ఇంట్లో ఆ చల్లటి తీపి పాలు నెగ్గలేదు.

లైబ్రరీలో పిల్లల విభాగం చూసే ఆవిడ మా కోసం పుస్తకాలు పక్కన పెట్టి ఉంచేవారు. అలాస్కాని 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొన్నారని పిల్లలు చదవగానే మామయ్యగారి ప్రశ్న, "ఎకరం ఎంత పడింది?" లెక్క కట్టితే సుమారు రెండు సెంట్లు. ఆ రోజంతా ఆయన దాని గురించే మాట్లాడారు.

వాళ్ళు తిరిగి వెళ్ళేలోపు హవాయి కూడా అయిపోవాలని అత్తయ్యగారి పట్టు. చేమదుంపతో అక్కడ చేసే 'పోయి' అనే ముద్ద చేయడం తెలిసిన వాళ్ళుంటే చెప్పండి. ఇండియన్ స్టోర్‌లో దొరికే చిన్న దుంపలు పనికొస్తాయా, పెద్దవే కావాలా?