సర్వీస్ డాగ్ విరాళాలు ఎవరి ఖాతాలో పడుతున్నాయి?

సంపాదకులకు,

ఇంట్లోని దివ్యాంగుల కోసం సర్వీస్ డాగ్ (వారికి సాయపడేలా శిక్షణ పొందిన కుక్క) కొనాలి, సాయం చేయండంటూ అమెరికాలోని తెలుగు కుటుంబాల విజ్ఞప్తులు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. అలాంటి కుక్క 15 వేల డాలర్ల నుంచి 50 వేల దాకా పలుకుతుంది కాబట్టి అడగడంలో తప్పులేదు. చిక్కంతా డబ్బు ఎవరి పేరున పోగవుతుందన్న దగ్గరే.

తక్కువ ఆదాయమున్న దివ్యాంగులకు అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతి ఎస్‌ఎస్‌ఐ. దివ్యాంగులైన పిల్లలకు 18 నిండాక దీనికి తల్లిదండ్రుల జీతం లెక్కలోకి రాదు. అందుకే సాఫ్ట్‌వేర్ కుటుంబాల పిల్లలకు కూడా అప్పటి నుంచి ఎస్‌ఎస్‌ఐ వచ్చే వీలుంది. కానీ వారి పేరిట ఉన్న ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. విరాళాలు నేరుగా వారి ఖాతాలో పడితే ఎస్‌ఎస్‌ఐ ఆగిపోతుంది, దాన్ని పట్టుకుని వచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ కూడా ప్రమాదంలో పడుతుంది. దాతలు శిక్షణ సంస్థకే చెల్లిస్తే ఈ గొడవ లేదు. లేదా వారి పేరున ఏబుల్ ఖాతా (దివ్యాంగుల కోసం ఉన్న ప్రత్యేక పొదుపు ఖాతా) తెరవాలి. అందులో లక్ష డాలర్ల వరకు ఎస్‌ఎస్‌ఐ లెక్కలోకి రాదు. 26 ఏళ్లలోపు వైకల్యం వచ్చినవారికే ఉన్న ఈ అవకాశాన్ని 2026 జనవరి నుంచి 46 ఏళ్లలోపు వచ్చినవారికీ ఇచ్చారు.

అసలు విరాళాల దాకా వెళ్లకముందే ఉచితంగానో నామమాత్రపు రుసుముకో ఇచ్చేవారికి దరఖాస్తు పెట్టాలి. చూపులేనివారికి న్యూజెర్సీ మోరిస్‌టౌన్‌లోని సీయింగ్ ఐ సంస్థ మొదటి కుక్కకు తీసుకునేది 150 డాలర్లే. సర్వీస్ డాగ్‌లిచ్చే కెనైన్ కంపానియన్స్ సంస్థ రుసుమే తీసుకోదు. అయితే ఇలాంటి చోట్ల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగవచ్చు, కనుక రెండు మూడు చోట్ల ఒకేసారి అడగడం మేలు.

సొంత డబ్బు పెట్టేవారు డాక్టరు లేఖ దగ్గర పెట్టుకుని హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) నుంచి కట్టుకోవచ్చు. కుక్క తిండి, పశువైద్యం కూడా అందులోకే వస్తాయి. పన్ను మినహాయింపుతో వచ్చేది తక్కువ. ఆదాయంలో 7.5 శాతం మించిన వైద్య ఖర్చుకే అది వర్తిస్తుంది. లక్షన్నర డాలర్ల ఆదాయం ఉంటే మొదటి 11,250 డాలర్లు పోయినట్టే. అదీ ఖర్చుల వివరాలు చూపకుండానే అందరికీ వచ్చే స్టాండర్డ్ డిడక్షన్ వదులుకుంటేనే. హెచ్‌ఎస్‌ఏ నుంచి కట్టినదాన్ని మళ్లీ ఇక్కడ చూపకూడదు.

డబ్బు కట్టించుకుని కుక్కను ‘రిజిస్టర్’ చేసే వెబ్‌సైట్ల జోలికి మాత్రం పోవద్దు. దివ్యాంగుల హక్కులను కాపాడే అమెరికా చట్టం ఏడీఏ ఏ ధ్రువపత్రమూ అడగదు. ఆ కాగితానికి విలువ లేదు.

అడ్వాన్సు ఇచ్చేముందు శిక్షణ సంస్థను ఒక్కమాట అడగండి: కుక్క మనిషికి కుదరకపోతే వేరే కుక్కను ఇస్తారా, డబ్బు వెనక్కిస్తారా? జవాబు ఒప్పందంలో రాయించుకోండి.

— ఒక పాఠకుడు, న్యూజెర్సీ