‘నాకు తెలీదు’ అంటే సరిపోతుందా?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఆ కారు వార్త చదివిన దగ్గర్నుంచి రాయాలనుకుంటూనే ఉన్నాను. పదో తరగతి గుంటలు అర్ధరాత్రి ఇంట్లో కారు తీసి డే అండ్ నైట్ కూడలి దాకా షికారుకొచ్చి తోపుడు బండిని గుద్దేశారు. మనిషి బతికాడు, అదృష్టం. తెల్లారేసరికి తండ్రిగారిది ఒకటే మాట: ‘నాకు తెలీకుండా తాళాలు అట్టుకుపోనాడండి’. రాజీ అయిపోయిందని వార్త చివర ఒక ముక్క.

చట్టం ఆ మాటని అంత సులువుగా నమ్మదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడో, బండి యజమానో దోషి. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు. కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తెలీకుండా జరిగిందని రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చు, కానీ ఆ రుజువు చూపించాల్సింది తండ్రే. టీవీ పక్కన మేకుకి తాళాలు తగిలించి, పండక్కి చుట్టాల ముందు వాడి చేతే కారు రివర్స్ చేయించి మురిసిపోయే పెద్దమనుషులు ఏం రుజువు చూపిస్తారు?

సరే, నిజంగానే తెలీదనుకుందాం. అప్పుడు అనుమతి లేకుండా బండి తీసుకెళ్లడమే 197 సెక్షన్ కింద నేరం. మైనరు కాబట్టి జువైనల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. కౌన్సెలింగో, సమాజ సేవో చెప్తుంది. గుంటణ్ని జైల్లో పెట్టమని ఎవరంటున్నారు? తెలిస్తే తండ్రి, తెలీకపోతే కొడుకు, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. మన దగ్గర ఇద్దరూ చెప్పరు. ఒక ఫోను వస్తే చాలు.

అదే హెల్మెట్ లేకుండా అరసవల్లి రోడ్డులో కూరగాయలు తెచ్చుకునేవాణ్ని మాత్రం ఫొటో తీసి చలానా పంపుతారు. సాయంత్రం ఏడు రోడ్ల కూడలిలో యూనిఫామ్‌తో ముగ్గురేసి స్కూటీ మీద పోతుంటే ఏ కెమెరాకీ ఆనరు. జనవరిలో రోడ్డు భద్రత అంటూ అదే పిల్లల చేత బ్యానర్లు పట్టించి ర్యాలీ తీయిస్తారు. ర్యాలీ అయ్యాక వాళ్లు ఆ స్కూటీలెక్కే ఇంటికి పోతారు, అధికారులు ఫొటోలు దిగి వెళ్తారు.

ఇంతకీ 199ఎ కింద కేసు రాశారా? ఆ కారు రిజిస్ట్రేషన్ రద్దయిందా, మళ్లీ రోడ్డెక్కిందా? తోపుడు బండికి డబ్బులెవరిచ్చారు? మీ విలేకరి కనుక్కుని రాస్తే చదవాలని ఉంది.

ఒక విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం