రెండోసారి కూడా వచ్చిన ఆ ఎనిమిది మందికి

గత సోమవారం నా ఎం.పి.టి. (ఫిజియోథెరపీ పీజీ) సిద్ధాంత వ్యాసాన్ని కళాశాలలో సమర్పించాను. అందులో కృతజ్ఞతలకు ఇచ్చిన చోటు ఒక్క పేజీ. మార్గదర్శకులు, విభాగాధిపతి, ఎథిక్స్ కమిటీ సభ్యులు, ఇంట్లోవాళ్లు అనేసరికి పేజీ నిండిపోయింది. వేసవిలో ఫ్యాను ఆపిన గదిలో గంటల తరబడి కాలు కదపకుండా ఉన్నవాళ్లకు మిగిలింది ఒక్క వాక్యం. అది నా మనసుకు ఒప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మీ వివరాలు బయటపెట్టనని మాట ఇస్తూ సమ్మతి పత్రం మీద నేను కూడా సంతకం చేశాను. చదువుతుంటే ఎవరి సంగతి వారికి తెలిసిపోతుంది.

చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "ఇంతకీ మా కాళ్లలో ఏం వెతికావు?" అప్పట్లో ముందే చెబితే మీ కాళ్లు జాగ్రత్తపడతాయేమోనన్న భయంతో సగం సగం చెప్పాను. ఇప్పుడు పూర్తిగా చెబుతాను.

మోకాలి చిప్ప కింద డాక్టరు చిన్న సుత్తితో తడితే కాలు ముందుకు ఎగరడం అందరికీ తెలుసు. బడి పుస్తకాల్లో దాన్నే అసంకల్పిత ప్రతీకార చర్య అని చదువుకున్నాం. సుత్తి దెబ్బకు కండరం సాగుతుంది. సాగిందన్న కబురు జ్ఞాన నాడి మీదుగా వెన్నుపాముకు చేరుతుంది. అక్కడి నుంచి చాలక నాడి మీదుగా ఆజ్ఞ తిరిగి వస్తుంది. 1910లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ హాఫ్‌మన్ సుత్తిని పక్కనపెట్టి, మోకాలి వెనుక గుంటలో నాడికి నేరుగా కరెంటు ఇచ్చి ఇదే దారిని నడిపించారు. 1950లో మాగ్లాడెరీ, మెక్‌డూగల్ అనే పరిశోధకులు ఆయన పేరులోని మొదటి అక్షరంతో దానికి హెచ్-ప్రతిస్పందన అని పేరు పెట్టారు. మీ మోకాలి వెనుక చీమ కుట్టినట్టు అనిపించినది ఆ కరెంటే. ఒక్క మిల్లీసెకను పాటు ఉంటుంది. కరెంటు కొద్దిగా ఉన్నప్పుడు లావుపాటి జ్ఞాన తంతువులే ముందుగా మేల్కొంటాయి. కబురు వెన్నుపాము దాకా పోయి, పిక్కలోని సోలియస్ కండరానికి తిరిగి రావడానికి పట్టేది సుమారు 30 మిల్లీసెకన్లు. కరెంటు పెంచితే చాలక తంతువులు కూడా నేరుగా మేల్కొని, ఇంకా ముందే మరో తరంగం వస్తుంది. అది ఎం-తరంగం. ఇంకా పెంచితే హెచ్ క్రమంగా తగ్గి మాయమవుతుంది. చాలక నాడిలో వెనక్కి పాకిన సంకేతం, వెన్నుపాము నుంచి వస్తున్న సంకేతాన్ని దారిలోనే ఢీకొట్టి ఆర్పేస్తుంది. మొదటిసారి తెర మీద ఇది చూసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

నాట్యం చేసేవాళ్లనే ఎందుకు పిలిచానంటే, కోపెన్‌హాగెన్‌లో నీల్సన్, క్రోనే, హుల్ట్‌బోర్న్ 1993లో ఒక పరిశోధన ప్రచురించారు. వ్యాయామం చేసేవాళ్లలో ఈ ప్రతిస్పందన, కదలకుండా కూర్చునేవాళ్ల కంటే ఎక్కువగా కనిపించింది. రాయల్ డేనిష్ బ్యాలే నర్తకుల్లో మాత్రం అందరికంటే తక్కువగా ఉంది. ఏళ్ల తరబడి చీలమండ ముందు కండరాన్ని, వెనుక కండరాన్ని ఒకేసారి బిగించి నిలబడే సాధన వల్ల వెన్నుపామే తన తీరు మార్చుకుని ఉండవచ్చునని వాళ్లు భావించారు. అది చదివిన రాత్రి నాకు, మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే అరమండి గుర్తొచ్చింది. ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు నిలిపి తరంగం ఆడే మన కూచిపూడి పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ల వెన్నుపాము ఏమంటుందో అడిగిచూడాలనిపించింది. ఫలితాలు ఇక్కడ రాయను. మౌఖిక పరీక్ష అయ్యాక మీకే ముందు చెబుతాను.

మొదటి కృతజ్ఞత విజయవాడలోని ఆ నాట్య గురువుగారికి. నేను వెళ్లేసరికి క్లాసు జరుగుతోంది. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, క్లాసు అయ్యాక నా మాట మొత్తం విన్నారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "పిల్లలకు నొప్పి పెడుతుందా అమ్మా?" రెండో ప్రశ్న ఏదీ లేదు. కాలు చాపి, "ముందు నాకు పెట్టి చూడు" అన్నారు. అరవై దాటిన ఆమె కాలి మీద తీసిన ఆ నమూనా నా లెక్కల్లో లేదు. కానీ ఆ మర్నాడే పదిహేడేళ్లు మొదలు పాతికేళ్ల దాకా వయసున్న పదమూడు మంది వచ్చారు. పద్దెనిమిది నిండనివాళ్ల తల్లిదండ్రులు కూడా వచ్చి, ప్రతి పేజీ చదివి సంతకాలు పెట్టారు.

ఆ తర్వాత మూడు వారాలు నాకు కనిపించింది సంకేతం కాదు, రొద. గదిలోని కరెంటు తీగల నుంచి వచ్చే యాభై హెర్ట్జ్ అల తెర నిండా పరుచుకుని ఉండేది. ఆసుపత్రిలో నరాల పరీక్షలు చేసే టెక్నీషియన్ అన్నయ్య ఒక ఆదివారం తన సెలవు వదులుకుని వచ్చారు. ముందు ట్యూబులైటు ఆర్పారు. ఫ్యాను ఆపారు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపమన్నారు. కొంత తగ్గింది. తర్వాత నేలకు కలిపే ఎలక్ట్రోడు తీగను చేత్తో అంగుళం అంగుళం తడుముతూ వచ్చి, ఒకచోట ఆగారు. పైన ప్లాస్టిక్ బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయి ఉంది. కొత్త తీగ వేసి, ఆ ఎలక్ట్రోడును కరెంటు ఇచ్చే చోటికీ కండరం మీద నమోదు చేసే చోటికీ నడుమ అంటించారు. తెర మీద గీత నిశ్చలమైన చెరువులా పరుచుకుంది. చర్మం సిద్ధం చేయడం కూడా ఆయనే నేర్పారు. స్పిరిట్‌తో తుడిచి, మెత్తని గరుకు కాగితంతో సుతారంగా రుద్ది, మళ్లీ తుడవాలి. కాలికి కొబ్బరినూనె రాసుకుని రావద్దని అందరికీ ఫోను చేయమన్నదీ ఆయనే.

మరో సంగతి ఆయన కన్ను పట్టింది. ఒక అమ్మాయి హెచ్-తరంగం ఒకసారి పెద్దదిగా, ఒకసారి చిన్నదిగా వస్తోంది. కరెంటు మారలేదు, ఎం-తరంగం మారలేదు. నేను మళ్లీ తీగలు చూస్తుంటే ఆయన నా భుజం తట్టి, ఆ అమ్మాయి చేతివైపు చూపించారు. తొడ మీద వేళ్లు గట్టిగా నొక్కుతూ తాళం లెక్కపెట్టుకుంటోంది! చేతులు బిగిస్తే కాలి ప్రతిస్పందన పెరుగుతుందని హంగేరీ వైద్యుడు యెండ్రాసిక్ 19వ శతాబ్దంలోనే గమనించారు. దాన్ని పుస్తకంలో చదివి పరీక్షలో రాసినదాన్ని నేను. నా ఎదుటే జరుగుతుంటే గుర్తుపట్టింది మాత్రం ఆయన.

ఇక వీధి మలుపులోని దర్జీ బాబాయికి. అరమండిలో మోకాలు వంగితే వెనుక పెట్టిన ఎలక్ట్రోడు జరిగిపోయేది. కొనుక్కొచ్చిన పట్టీలు ఏవీ నిలవలేదు. ఆయన ఒకటిన్నర రోజు కూర్చుని, పాత జీన్సు గుడ్డకు వెల్క్రో వేసి, మధ్యలో ఎలక్ట్రోడు పట్టేంత గుంటతో మూడు కొలతల్లో పట్టీలు కుట్టారు. డబ్బు ఇవ్వబోతే, "చదువుకు కుట్టినదానికి కూలి ఏమిటమ్మా" అన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొదటి ఎనిమిది మంది నమోదులు పూర్తయ్యాక, విదేశంలో ఇదే రంగంలో పనిచేస్తున్న ఒక తెలుగు ఆచార్యులకు భయపడుతూనే మెయిలు రాశాను. అంతకుముందు ఆయనకు నేనెవరో తెలియదు. మూడో రోజు రాత్రి ఫోను చేశారు. గంటా ఇరవై నిమిషాలు మాట్లాడారు. "ఒక కరెంటుకూ ఇంకో కరెంటుకూ ఎంత వ్యవధి ఇచ్చావు?" అని అడిగారు. మూడు సెకన్లు అన్నాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, నెమ్మదిగా వివరించారు. ఒకసారి కబురు అందించిన నాడి కొసలో, మళ్లీ అంత రసాయనం విడుదల కావడానికి సుమారు పది సెకన్లు కావాలి. అంతకంటే తొందరపెడితే తరంగం సహజంగానే తగ్గుతుంది. ఆ తగ్గుదల నాట్యం నేర్చినవాళ్లలో ఒకలా, నేర్వనివాళ్లలో ఇంకోలా ఉంటే నా పోలికకే అర్థం ఉండదు. ఎం-తరంగం సమానంగా ఉందని చూసుకోకుండా రెండు భంగిమల హెచ్‌లను పోల్చవద్దని కూడా గట్టిగా చెప్పారు. మోకాలు వంగితే నాడికి అందే కరెంటే మారిపోతుంది మరి. తప్పు పూర్తిగా నాదే. ఎనిమిది మంది నమోదులనూ పక్కన పెట్టేశాను.

ఆ ఎనిమిది మందికీ ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మరీ చేశాను. తప్పు చేశాను, మళ్లీ రావాలి, ఈసారి ఒక్కో నమోదుకు మధ్య పది సెకన్లు ఆగాలి కాబట్టి మూడింతల సమయం పడుతుంది. ఇదీ నేను చెప్పింది. ఒక్కరు కూడా కాదనలేదు. మచిలీపట్నం నుంచి తెల్లవారి బస్సెక్కి వచ్చిన అమ్మాయి, మెస్సులో వంట ముగించుకుని తడి చేతులు తుడుచుకుంటూ వచ్చిన తమ్ముడు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు అక్క, మిగిలిన మీ ఐదుగురూ... నలభై డిగ్రీల ఎండలో, ఫ్యాను ఆపిన గదిలో, కిటికీకి తడి దుప్పటి కట్టుకుని, కదలకుండా, తాళం కూడా వేయకుండా ఉన్నారు. చెమటకు ఎలక్ట్రోడు ఊడితే మళ్లీ అంటించుకోనిచ్చారు. నర్సు అక్క మధ్యలో ఒకసారి నిద్రలోకి జారింది. లేచి, "మళ్లీ మొదటినుంచి చెయ్యమ్మా, పాడవకూడదు" అంది. ఆ మాట నేను మరిచిపోలేను.

మీరిచ్చిన గంటలు ఎక్కడికి చేరతాయో కూడా చెప్పాలి. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన నా దగ్గరికి వ్యాయామానికి వచ్చేవారు. పాదం నేలకు ఆనించగానే మడమ ఆగకుండా కొట్టుకునేది. "నా కాలు నా మాట ఎందుకు వినదమ్మా?" అని అడిగేవారు. సాగితే బిగుసుకునే ఈ దారికి మెదడు నుంచి రావలసిన అదుపు తెగిపోవడం అందుకు ఒక కారణం. మామూలు మనిషిలో ఆ అదుపు ఎంత సున్నితమో 1986లో కెనడాలో కపాడే, స్టైన్ చూపించారు. కండరం అంతే బిగువుతో పనిచేస్తున్నా, నిలబడ్డప్పటి కంటే నడిచేటప్పుడు హెచ్-ప్రతిస్పందన తక్కువ. పనిని బట్టి వెన్నుపాము తలుపు ఎంత తెరవాలో అంతే తెరుస్తుంది. ఇంకా ముందుకు వెళ్లి, అమెరికాలో థాంప్సన్, పోమెరాంజ్, వోల్పా 2013లో ప్రచురించిన పనిలో, వెన్నుపాము పాక్షికంగా దెబ్బతిన్నవాళ్లకు తెర మీద వాళ్ల తరంగాన్ని చూపిస్తూ దాన్ని తగ్గించుకోవడం 30 విడతల్లో నేర్పారు. తగ్గించుకోగలిగినవాళ్ల నడక వేగం పెరిగింది, కుంటు తగ్గింది. సాధనతో వెన్నుపాము నేర్చుకుంటుందని మన నాట్య గురువులకు ముందే తెలిసి ఉంటుంది. ఆ పెద్దాయనకు జవాబు చెప్పాలన్న తపనే నన్ను ఈ చదువులోకి తెచ్చింది.

మార్గదర్శకులైన మేడమ్ గురించి ఒక్క మాట. ఎనిమిది నమోదులు పక్కన పెడతానని చెప్పినప్పుడు, గడువు దగ్గరపడుతోందని తెలిసి కూడా, ఆమె "పెట్టు" అన్నారు. గడువు పొడిగింపు కోసం తనే లేఖ రాశారు.

నాట్యం నేర్చినవాళ్లూ నేర్వనివాళ్లూ కలిపి పాల్గొన్న ఇరవై ఆరు మందికీ ఎవరి తరంగం వారిదే కాగితం మీద అచ్చు తీసి, ఏ గీత ఏమిటో తెలుగులో రాసి కవర్లలో పెట్టాను. ఇరవై ఒక్కరు తీసుకున్నారు. ఇంకా ఐదు కవర్లు నా బల్ల సొరుగులో ఉన్నాయి. ఈ శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అదే గదిలో ఉంటాను. ఈసారి ఫ్యాను వేసే ఉంటుంది, నూనె రాసుకుని రావచ్చు.