బోటింగ్ భద్రతకు ప్రత్యేక పద్దు కావాలి

సంపాదకులకు నమస్కారం.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరిగినప్పుడల్లా తడ దగ్గరి భీమునివారిపాళెం పడవల రేవు పర్యాటకులతో కిక్కిరిసిపోతుంది. వేదికలకు, దీపాలంకరణకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టే ప్రభుత్వం, పిల్లాపాపలతో పులికాట్ నీటి మీదికి వెళ్లేవారి భద్రతకు కూడా ఏటా తప్పకుండా ఒక ప్రత్యేక పద్దు కింద నిధులు కేటాయించాలని కోరుతున్నాను.

పులికాట్‌లో లోతు తక్కువ, భయం లేదు అనే ధీమా మన వైపు చాలామందికి ఉంది. ఇదే సరస్సులో తమిళనాడు వైపున పళవేర్కాడు వద్ద 2011 డిసెంబరు 25న పడవ బోల్తా పడి 22 మంది మరణించారు. 2017 నవంబరులో కృష్ణా పవిత్ర సంగమం వద్ద, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన ఘోరాలు అందరికీ తెలిసినవే. ప్రమాదం జరిగాక పరిహారానికి డబ్బు దొరుకుతుంది. అంతకుముందు చేయవలసిన పనులకే దొరకదు.

ఇటీవల మన జిల్లాలోనే ఒక బోటింగ్ కేంద్రంలో ఏడెనిమిదేళ్ల పాపకు పెద్దల లైఫ్ జాకెట్ తొడిగారు. నడుము పట్టీకి బకిల్ విరిగిపోయి ఉంటే తాడుతో ముడివేశారు. తల్లి అనుమానంతో భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే, జాకెట్ మొత్తం తల మీదుగా ఊడి వచ్చింది. నీళ్లలో పడినా అదే జరుగుతుంది. చిన్న సైజువి ఇవ్వలేదని చెప్పిన అక్కడి కుర్రాణ్ణి ఏమనగలం?

అమెరికాలో మోటారు బోట్ల ఇంధనం మీద వసూలయ్యే పన్నును ఒక ప్రత్యేక నిధికి మళ్లించి, అందులోంచి కోస్ట్ గార్డ్ ద్వారా రాష్ట్రాలకు బోటింగ్ భద్రతా గ్రాంట్లు ఇస్తారు. రాష్ట్రాలు కూడా తమ వాటా కలపాలి. గస్తీ, శిక్షణ, అవగాహన కార్యక్రమాలు ఆ సొమ్ముతో నడుస్తాయి. ఇది మనకు అందని ఏర్పాటేమీ కాదు. 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టమే ప్రతి రాష్ట్రమూ ఒక అభివృద్ధి నిధిని ఏర్పాటు చేయాలని, అత్యవసర పరిస్థితులకు సన్నద్ధం కావడానికి దానిని వాడవచ్చని చెబుతోంది.

బోటింగ్ టికెట్ల రాబడిలో కొంత భాగాన్ని, ఆ నిధి నుంచి కొంత సొమ్మును జిల్లాకు కేటాయిస్తే పిల్లల సైజు జాకెట్లు కొనడం, సరంగులకు ఏటా శిక్షణ ఇవ్వడం, రేవు దగ్గర ఒక రక్షక పడవను సిద్ధంగా ఉంచడం సాధ్యమవుతుంది. సరస్సు ఆనుపానులు తెలిసిన స్థానిక మత్స్యకార యువకులనే గజ ఈతగాళ్లుగా జీతమిచ్చి నియమిస్తే వారికీ ఉపాధి దొరుకుతుంది. వచ్చే పండుగకు ముందే ఈ కేటాయింపు ఎంతో, ఎవరి ద్వారా ఖర్చవుతుందో జిల్లా యంత్రాంగం బహిరంగంగా ప్రకటించాలని మనవి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా