సంచిలోంచి మందులోకి ఏమి దిగుతోంది?

సంపాదకులకు నమస్కారం.

2021 ఏప్రిల్‌లో అమెరికా నుంచి ముడిసరుకు రావడానికి ఆటంకాలు ఏర్పడి మన టీకా తయారీదారులు ఆందోళన చెందినప్పుడు, తయారీలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు, ఫిల్టర్ల సంగతి సామాన్య పాఠకులకూ తెలిసింది. అవి దొరుకుతాయో లేదోనన్న బెంగ అప్పట్లో అందరికీ ఉండేది. వాటిలోంచి మందులోకి ఏమి దిగుతుందన్న విచారం మాత్రం ఇప్పటికీ కొద్దిమందికే పరిమితమై ఉంది. సజీవ కణాల సాయంతో తయారయ్యే జీవౌషధాల పరీక్షశాలలో చాలాకాలం పనిచేసినవాడిగా ఆ విషయం మీ ముందుంచుతున్నాను.

స్టీలు ట్యాంకులను కడిగి ఆవిరితో శుద్ధిచేసే శ్రమ, ఒక మందు అవశేషం మరొక మందులో కలిసే ప్రమాదం తప్పుతాయి కనుకనే కణాలను పెంచే బయోరియాక్టర్ సంచులు, గొట్టాలు వాడుకలోకి వచ్చాయి; ఆ మేలును కాదనను. అయితే సంచి అంటే ఒట్టి పాలిథిన్ కాదు. పలు పొరల ఆ ఫిల్ములో, ప్లాస్టిక్ పాడవకుండా కలిపే యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి. సూక్ష్మజీవులను చంపడానికి గామా కిరణాలు ప్రసరింపజేసినప్పుడు వాటిలో కొన్ని విచ్ఛిన్నమై కొత్త పదార్థాలవుతాయి. ఒక ఫాస్ఫైట్ యాంటీఆక్సిడెంటు నుంచి అలా పుట్టిన ఫాస్ఫేట్ సమ్మేళనం, యాంటీబాడీల తయారీలో వాడే చైనీస్ హ్యామ్‌స్టర్ కణాల ఎదుగుదలను అత్యల్ప మోతాదులోనే అడ్డుకుంటున్నట్టు 2013లో పరిశోధకులు వెల్లడించారు. అక్కడ కణాలు ఎదగకపోవడం వల్లనే గుట్టు బయటపడింది. తయారైన మందును సీసాల్లో నింపే చోట అలా ముందుగా పట్టిచ్చే కణాలేవీ ఉండవు.

ఉప్పు, పులుపు, నూనె కలిసిన ఆవకాయ ఏడాది నిలవుండాలంటే జాడీయే కావాలని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పరీక్ష కూడా ఆ ఎరుకతోనే మొదలవుతుంది. సంచి ముక్కలను పీహెచ్ 3 గల ఆమ్ల ద్రావణంలో, పీహెచ్ 10 గల క్షార ద్రావణంలో, సగానికి సగం నీరు కలిపిన ఇథనాల్‌లో నిర్ణీత కాలం నానబెట్టి, దిగినవాటిలో ఆవిరయ్యే గుణమున్నవాటిని జీసీ-ఎంఎస్ తోను, ఆవిరికానివాటిని ఎల్‌సీ-ఎంఎస్ తోను, లోహాలను ఐసీపీ-ఎంఎస్ తోను గుర్తిస్తారు; ఈ మూడూ ద్రవ్యరాశిని బట్టి పదార్థాలను పోల్చుకునే యంత్రాలు. ఇలా బలవంతంగా రాబట్టినవి ఎక్స్‌ట్రాక్టబుల్స్. అసలు మందులోకి వాస్తవంగా చేరేవి లీచబుల్స్. మొదటి జాబితా చేతికొచ్చినంత మాత్రాన రెండో ప్రశ్నకు జవాబు దొరికినట్టు కాదు.

మన దగ్గర తరచు తప్పేది ఇక్కడే. ఒకసారి నా ముందుకు వచ్చిన సరఫరాదారు నివేదికలో పరీక్ష జరిగింది నీటితో మాత్రమే, అదీ గామా కిరణాలు సోకని సంచిపైన. మా మందులోనేమో పాలీసార్బేట్ 80 ఉంది, నీటిలో కరగని పదార్థాలను కూడా తనలోకి లాక్కోవడం దాని స్వభావం. ఆ కాగితం మాకెందుకు పనికివస్తుందని అడిగితే, ఇంతవరకు ఎవరూ అడగలేదన్నది జవాబు.

ఐరోపా సమాఖ్యలో క్రిమిరహిత మందుల తయారీకి సవరించిన అనెక్స్ 1 నియమాలు 2023 ఆగస్టు 25న అమలులోకి వచ్చి, ఈ పరికరాల నుంచి దిగే పదార్థాలను అంచనా వేయవలసిందేనని చెబుతున్నాయి. మందుల ప్రమాణాలు నిర్దేశించే అమెరికా ఫార్మకోపియా, తయారీలో వాడే ప్లాస్టిక్ భాగాల గురించిన తన 665వ అధ్యాయానికి 2026 మే 1ని అమలు తేదీగా పెట్టుకుంది. కాబట్టి ఎగుమతి చేసేవారు ఎలాగూ పరీక్షిస్తారు. 2023 డిసెంబరులో మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎం ను సవరించుకున్న మనం, దేశంలో అమ్మే మందుకు ఆ జాగ్రత్త అక్కర్లేదనుకోవడానికి కారణమేదీ నాకు కనబడదు.

చిన్న సంస్థలకు ఈ యంత్రాలు కొనే స్తోమత ఉండదు కనుక, జీనోమ్ వ్యాలీలో అందరూ వాడుకునే పరీక్షశాల ఒకటి ఏర్పాటు చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ప్లాస్టిక్ రెసిన్ గాని, అందులో కలిపే పదార్థం గాని మార్చేముందు కొనుగోలుదారుకు తెలియజేయాలన్న షరతును ఒప్పందంలో రాయించుకోవడానికి మాత్రం యంత్రాలేవీ అక్కర్లేదు. మొదట్లో వాడే సంచి నుంచి దిగినది తర్వాతి శుద్ధి దశల్లో కొంతైనా పోయే అవకాశముంది, చివరి ఫిల్టరు నుంచి దిగినదానికి ఆ అవకాశం లేదు; అన్నింటినీ ఒకేసారి పరీక్షించలేనివారు సీసాలకు దగ్గరగా ఉన్న ఆ ఫిల్టరుతోనైనా మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత విశ్లేషణ రసాయన శాస్త్రవేత్త,
హైదరాబాద్